తోలు పర్సుకి, సంచికి సరైన జిప్పు ఎంచుకోవడం ఎలా?

చేత్తో శ్రద్ధగా కుట్టిన తోలు సంచి ఏళ్ల తరబడి నిలుస్తుంది. మంచి తోలు అంత తేలిగ్గా చిరగదు, మైనం పట్టించిన దారం అంత తేలిగ్గా తెగదు. మొదట మొరాయించేది జిప్పే. బట్ట సంచి అయితే పాత జిప్పు ఊడదీసి దర్జీ దగ్గర కొత్తది వేయించుకుంటాం. తోలులో ఆ వీలు తక్కువ. ఆరెతో పొడిచిన ప్రతి కన్నం అలాగే ఉండిపోతుంది. జిప్పు మార్చాలంటే మళ్లీ ఆ కన్నాల్లోంచే సూది దూర్చాలి. కొత్త జిప్పు పళ్లు లావుగా ఉన్నా, టేపు (పళ్లను పట్టుకుని ఉండే గుడ్డ పట్టీ) సన్నగా ఉన్నా ఆ కన్నాలు దానికి కుదరవు.

అందుకే తోలు కోయకముందే జిప్పు మీ చేతిలో ఉండాలి. ప్యాటర్న్ గీయాల్సింది కూడా దాన్ని కొలిచాకే. తోలు కోసం ఊరూరా వెతికి, బకిల్ కోసం నాలుగు దుకాణాలు తిరిగినవాళ్లు కూడా జిప్పు దగ్గరికొచ్చేసరికి “5 నంబరు నల్లది ఒకటివ్వండి” అనేసి వచ్చేస్తుంటారు. ఆ ఒక్క మాట అడిగే ముందు తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

1. వస్తువు చేసే పనేంటో రాసుకోండి

కాగితం మీద నాలుగు విషయాలు రాయండి. జిప్పు రోజుకు ఎన్నిసార్లు తెరుస్తారు? సంచి నిండినప్పుడు దాని మీద ఎంత లాగుడు పడుతుంది? జిప్పు తిన్నగా వెళ్తుందా, మూల తిరగాలా? చెయ్యి లోపలికి పెట్టి తీసేటప్పుడు పళ్లు చేతికి గీసుకుంటాయా?

చిల్లర పర్సును రోజుకు పది పదిహేనుసార్లు తెరుస్తాం, కానీ దాని మీద బరువు ఉండదు. ప్రయాణాల సంచిని రోజుకు రెండుసార్లే తెరుస్తాం, కానీ బట్టలు కుక్కి మోకాలితో నొక్కి మరీ వేస్తాం. రెంటికీ ఒకే జిప్పు పనికిరాదు. చేసిపెట్టమన్న మనిషి వేరే అయితే ఈ నాలుగూ వాళ్లనే అడగండి. రంగు గురించి ఆ తర్వాత మాట్లాడొచ్చు.

2. పళ్ల రకం

మెటల్ జిప్పులో ఒక్కో పన్ను విడిగా టేపు అంచును కరిచి పట్టుకుని ఉంటుంది. ఇత్తడి, అల్యూమినియం, నికెల్ పూత వేసినవి ఎక్కువగా దొరుకుతాయి. తోలు పక్కన కంటికి నప్పేది ఇదే, అందులోనూ ఇత్తడి. తోలు ఎలా ముదురుతుందో ఇత్తడీ అలాగే రంగు మారుతూ వస్తుంది. దీని బలహీనత ఒక్కటే: మధ్యలో ఒక్క పన్ను రాలినా జిప్పు పని అయిపోయినట్టే.

కాయిల్ జిప్పులో విడి పళ్లు ఉండవు. నైలాన్ లేదా పాలిస్టర్ తీగను చుట్టలు చుట్టి టేపు పొడవునా కుట్టేస్తారు. తేలిక, మెత్తన, మూలల్లో బాగా తిరుగుతుంది, కత్తెరతో కావలసినంత కోసుకోవచ్చు. మధ్యలో విచ్చుకున్నా, జిప్పును మూసి తెరిచే ముక్కను, అంటే రన్నర్‌ను వెనక్కి తీసుకెళ్లి మళ్లీ లాగితే చాలాసార్లు కలిసిపోతుంది. తోలు పనిలో దీన్ని తిరగేసి వాడితే బాగుంటుంది. చుట్టలు లోపలివైపు, చదునైన టేపు బయటివైపు వస్తాయి. అలా వాడటానికి తగిన రన్నర్లు కూడా విడిగా దొరుకుతాయి. కొనేటప్పుడు “రివర్స్ కాయిల్” అని అడగండి. మామూలు కాయిల్ జిప్పు తోలు మీద కాలేజీ బ్యాగులా కనిపిస్తుంది, రివర్స్ కాయిల్ మాత్రం హుందాగా ఉంటుంది.

మూడోది అచ్చుపోసిన ప్లాస్టిక్ పళ్ల జిప్పు. జాకెట్లకు, టెంట్లకు మంచిది. తోలు వస్తువులకు నేను సిఫార్సు చేయను.

మెటలా, కాయిలా అని అడిగితే నా లెక్క ఇది. బయటికి కనిపించే ప్రధాన జిప్పు మెటల్, లోపలి అరకు కాయిల్. లోపలి అరలో మెటల్ పళ్లుంటే ఫోను తెర మీద, కళ్లజోడు మీద గీతలు పడతాయి. సముద్రం పక్క ఊళ్లలో, అంటే విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల ఉప్పుగాలి ఎక్కువ కాబట్టి అల్యూమినియం పళ్లు వద్దు. ఉప్పు తగిలితే వాటి మీద తెల్లటి పొడి పడుతుంది, సన్నటి గుంటలు పడి రన్నర్ బిగుసుకుంటుంది. అక్కడ ఇత్తడి గానీ కాయిల్ గానీ తీసుకోండి.

ప్రతి పన్నునూ నునుపుగా సాన పట్టిన మెటల్ జిప్పులు వేరే తరగతి. జపాన్ కంపెనీ వైకేకే వాటిని ఎక్సెల్లా పేరుతో అమ్ముతుంది. స్విట్జర్లాండ్ కంపెనీ రిరి, ఇటలీ కంపెనీ లాంపో కూడా ఈ కోవవే. మామూలు మెటల్ జిప్పు కంటే ధర చాలా ఎక్కువ. చేతి వెనుక భాగం రోజూ పళ్లకు రాసుకునే పర్సుకి ఆ ఖర్చు దండగ కాదు. తోలు మీద వేలు పోసి, నెలల పాటు కుట్టి, జిప్పు దగ్గర వంద రూపాయలు మిగుల్చుకోవడంలో అర్థం లేదు.

3. నంబరు

దుకాణంలో జిప్పు సైజును నంబరుతో చెబుతారు: 3, 5, 8, 10. పళ్లు కలిసి ఉన్నప్పుడు వాటి వెడల్పు సుమారుగా అన్ని మిల్లీమీటర్లు అనుకోవచ్చు. కంపెనీని బట్టి, రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అందుకే ఒక కంపెనీ 5 నంబరు జిప్పుకి ఇంకో కంపెనీ 5 నంబరు రన్నర్ ఎక్కకపోవచ్చు. ఎక్కినా సరిగ్గా నడవకపోవచ్చు.

చిల్లర పర్సు, కార్డుల పర్సు, లోపలి అర: 3 నంబరు. పొడుగు పర్సు, చిన్న పౌచ్, భుజానికి అడ్డంగా వేసుకునే చిన్న సంచి: 5 నంబరు. హ్యాండ్‌బ్యాగ్, ల్యాప్‌టాప్ సంచి: 5 గానీ 8 గానీ. ప్రయాణాల సంచి: 8 లేదా 10.

ఇది మొదటి అంచనా మాత్రమే. తోలు మందాన్ని కూడా చూడాలి. ఒక మిల్లీమీటరు తోలుకి 3 నంబరు బాగా కుదురుతుంది. అదే 3 నంబరును రెండున్నర మిల్లీమీటర్ల తోలుకు వేస్తే రన్నర్ రెండు తోలు గట్ల మధ్య కూరుకుపోయి, లాగిన ప్రతిసారీ అంచులను గీకుతుంది. అంచు రంగు ముందు ఊడుతుంది, ఆ తర్వాత పోగులు లేస్తాయి. అటు పలచటి గొర్రె తోలుకు 10 నంబరు మెటల్ వేస్తే జిప్పు బరువుకే తోలు ముడతలు పడి వేలాడుతుంది. 1.2 నుంచి 1.8 మిల్లీమీటర్ల వరకు 5 నంబరు, రెండు మిల్లీమీటర్లు దాటితే 8, 10 అనుకుని మొదలుపెట్టండి. తోలు మందమైనా చిన్న జిప్పే కావాలనుకుంటే, జిప్పు వచ్చే అంచును వెనుకవైపు నుంచి కత్తితో పలచగా చెక్కి (దీన్నే స్కైవింగ్ అంటారు) ఒక మిల్లీమీటరుకు దించుకోండి.

4. రన్నర్ మీద ఎక్కువసేపు ఆగండి

జిప్పు పాడైందని తెచ్చేవాటిలో చాలావాటికి పళ్లు బాగానే ఉంటాయి, పోయింది రన్నర్. ఒక పాత రన్నర్‌ను విప్పి వెలుతురులో చూడండి. ముందువైపు రెండు నోళ్లు, వెనుకవైపు ఒక నోరు, మధ్యలో చిన్న చీలిక గోడ. రెండు వరసల పళ్లు రెండు నోళ్లలోంచి వచ్చి, వెనుక నోటి దగ్గర పక్క గోడల ఒత్తిడికి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వేలసార్లు రాసుకున్నాక ఆ వెనుక నోరు కొద్దిగా తెరుచుకుంటుంది. వెంట్రుకవాసి తేడా చాలు, పళ్లకు ఒత్తిడి చాలదు. రన్నర్ ముందుకు వెళ్తుంది గానీ వెనుక జిప్పు విచ్చుకుంటుంది. కటింగ్ ప్లయర్‌తో రెండు పక్కలా నెమ్మదిగా నొక్కితే కొన్నాళ్లు పనిచేస్తుంది. జింక్ మిశ్రమంతో పోత పోసిన రన్నర్ అయితే గట్టిగా నొక్కినప్పుడు విరిగిపోతుంది కూడా.

అందుకే కొనేటప్పుడు రన్నర్ బలాన్ని చూడండి. పుల్లర్ (చేత్తో పట్టుకుని లాగే నాలుక) తగిలించిన వంతెనను గోరుతో ఎత్తి చూడండి. కదిలితే వద్దు. పుల్లర్ రింగు అతుకు దగ్గర సందు కనిపిస్తే అదీ వద్దు.

ఆ తర్వాత తాళం సంగతి. జీన్స్ జిప్పులకు ఆటోలాక్ రన్నర్ ఉంటుంది: పుల్లర్ కిందికి వాలగానే లోపలి చిన్న మేకు పళ్ల మధ్య దిగి రన్నర్‌ను కదలనివ్వదు. ప్యాంటుకు అది అవసరం. సంచికి మాత్రం అది ఇబ్బందే, ఎందుకంటే సంచి జిప్పును మనం ఒంటి చేత్తో, ఒక్కోసారి రన్నర్ ఒంటినే పట్టుకుని తోసేస్తాం. తాళం పడ్డ రన్నర్‌ను అలా తోస్తే మేకు పళ్లను కొరుకుతుంది. ఏ ఊళ్లోనైనా తేలిగ్గా దొరికే ఇత్తడి జిప్పు ప్యాంటు జిప్పే కాబట్టి కొత్తవాళ్లు దాన్నే తెచ్చేస్తారు. పర్సులకు, సంచులకు నాన్‌లాక్ రన్నర్ అని అడిగి తీసుకోండి. నిజానికి జిప్పు తోలు సంచుల్లోకి వచ్చింది ప్యాంట్ల కంటే ముందే. పారిస్ సంస్థ ఎర్మెస్ 1923లోనే జిప్పుతో మూసే బోలీడ్ సంచిని తయారుచేసింది. ప్యాంట్లకు జిప్పులు వాడటం 1930ల్లో గానీ ఊపందుకోలేదు.

పెద్ద సంచికి రెండు రన్నర్లు ఎదురెదురుగా వేస్తే ఎటు నుంచైనా తెరవొచ్చు, చిన్న తాళం కప్ప కూడా వేసుకోవచ్చు. ఒకే రన్నర్ అయితే మూసినప్పుడు అది ఏ వైపు ఆగాలో ముందే ఆలోచించండి. భుజానికి వేసుకునే సంచిలో మూసిన రన్నర్ మనిషి ముందువైపుకు రావాలి. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో చెయ్యి దాని మీదే ఉంటుంది, వెనుకవాళ్లకు అందదు. ఎడమ భుజానికి వేసుకునేవాళ్లు, కుడి భుజానికి వేసుకునేవాళ్లు ఉంటారు కాబట్టి దీన్నీ అడిగి తెలుసుకోండి.

5. పొడవు లెక్క

జిప్పు పొడవు అంటే పైస్టాపర్ నుంచి కిందిస్టాపర్ వరకు. రన్నర్ ఊడిపోకుండా రెండు చివరలా ఆపే ముక్కలే స్టాపర్లు. అటూ ఇటూ వేలాడే టేపును లెక్కలోకి తీసుకోరు. మన దగ్గర తయారు జిప్పులను అంగుళాల్లో అమ్ముతారు: 6, 7, 8 అంగుళాలు, అలా. తోలు పని ఎక్కువగా చేసేవాళ్లకు రోల్ జిప్పు (కావలసినంత కోసుకునే పొడుగు చుట్ట), విడి రన్నర్లు కొనుక్కోవడమే లాభం.

తిన్నటి జిప్పుకి లెక్క కష్టమేమీ కాదు. మూడు వైపులా తిరిగే పర్సుకే తడబడతారు. మూసినప్పుడు 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉండే పర్సు తీసుకోండి. మడత పొడుగు వైపు ఉంది, జిప్పు మిగతా మూడు వైపులా తిరగాలి. 10, 20, 10 కలిపితే 40. రెండు మూలలనూ 2 సెంటీమీటర్ల రేడియస్‌తో గుండ్రం చేస్తే ఒక్కో మూల దగ్గర సుమారు 0.86 సెంటీమీటరు తగ్గుతుంది. ఎందుకంటే రెండు రెండ్లు నాలుగు వెళ్లాల్సిన చోట పావు వృత్తం 3.14 మాత్రమే. రెండు మూలలకు 1.7 తీసేస్తే 38.3. మడత దగ్గర పర్సు తెరుచుకోవడానికి అటో సెంటీమీటరు, ఇటో సెంటీమీటరు వదిలితే 36.3 సెంటీమీటర్ల పళ్లు కావాలి.

లెక్క ఎంత సరిగ్గా వేసినా అట్టముక్కతో నమూనా కోసి, దాని అంచున జిప్పును తిప్పి చూడనిదే తోలు మీద కత్తి పెట్టొద్దు. 5 నంబరు మెటల్‌కు 2 సెంటీమీటర్ల కంటే తక్కువ రేడియస్ పెడితే మూల దగ్గర రన్నర్ తన్నుకుంటుంది. ఇంకా బిగుతు మూల కావాలంటే 3 నంబరుకో, కాయిల్‌కో మారండి.

6. టేపు

టేపు నూలుదైతే తోలు పక్కన అందంగా ఉంటుంది, జిగురు కూడా బాగా పడుతుంది. కానీ తడిస్తే కుంచించుకుపోతుంది. నూలు టేపును కుట్టే ముందు నీళ్లలో తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. పాలిస్టర్ టేపుకు ఆ బాధ లేదు. ఏది ఏదో తెలియకపోతే చివర ఒక పోగు లాగి నిప్పు అంటించండి. కరిగి చిన్న పూస కడితే పాలిస్టర్, బూడిదైతే నూలు. కోసిన చివరలను లైటర్‌తో కాల్చి మూయడం పాలిస్టర్‌కే చెల్లుతుంది.

పళ్ల పక్కనుంచి టేపు అంచు వరకు ఎంత వెడల్పుందో కూడా చూసుకోండి. ఆ జాగాలోనే జిగురు, కుట్టు, లోపలి గుడ్డ అంచు అన్నీ పడాలి. ఒక సెంటీమీటరు కంటే తక్కువైతే కుట్టు ఇరుకు.

7. లోహమూ తోలూ

తంగేడు చెక్కతో, కరక్కాయతో తోలును పదును చేయడం దక్షిణాదిలో పాత పద్ధతి. అలా చెట్టు సరుకుతో పదును చేసిన వెజ్ టాన్ తోలులో ఆమ్లగుణం ఉంటుంది, తరచూ నూనె కూడా పట్టిస్తాం. ఇత్తడిలోని రాగి ఆ నూనెలతో కలిసి పళ్ల చుట్టూ ఆకుపచ్చటి జిడ్డు పదార్థంగా పేరుకుంటుంది. ఇది నాసిరకం ఇత్తడి లక్షణమేం కాదు, మంచి ఇత్తడిలోనూ వస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. నూనె పెట్టేటప్పుడు జిప్పు అంచుకు ఒక వేలు ఎడం వదిలితే చాలా వరకు రాదు. లేత రంగు తోలు మీద ఈ పచ్చ అంటడం ఇష్టం లేకపోతే నికెల్ పూత పళ్లు గానీ కాయిల్ గానీ వాడండి.

రంగు కోసం బకిల్, డి రింగు, రివెట్ పక్కన జిప్పు పెట్టి పగటి వెలుతురులో చూడండి. దుకాణం ట్యూబ్‌లైటు కింద యాంటిక్ బ్రాస్, బంగారు రంగు ఒకేలా కనిపిస్తాయి.

8. కొనేచోట

హైదరాబాద్‌లో బేగంబజార్, సికింద్రాబాద్‌లో జనరల్ బజార్ వైపు దర్జీ సామాన్ల దుకాణాల్లో మామూలు జిప్పులు దొరుకుతాయి. తోలు పనికి తగిన మెటల్ రోల్ జిప్పు, బరువైన రన్నర్లు కావాలంటే చెన్నై పెరియమేట్ మంచి చోటు. తోలు, దానికి కావలసిన సామానూ ఒకే వీధుల్లో ఉంటాయి. ఆన్‌లైన్‌లో కొంటే ముందు ఒక్కటే తెప్పించి చూడండి. వైకేకే పేరుతో నకిలీలు చాలా వస్తాయి. రన్నర్ మీద అక్షరాలు ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, చేత్తో నడిపి చూడండి.

నడిపి చూడటం ఇలా. జిప్పును బల్ల మీద పరిచి వీలైనంత నెమ్మదిగా లాగండి. వేగంగా లాగితే లోపం దాక్కుంటుంది. ఎక్కడ ఆగిందో అక్కడ ఒక పన్ను వంకరో, ఎత్తో ఉంటుంది. తర్వాత జిప్పును యూ ఆకారంలో వంచి మళ్లీ లాగండి. మూసిన జిప్పును రెండు చేతులా పట్టుకుని అడ్డంగా గట్టిగా లాగండి, విచ్చుకోకూడదు. కళ్లు మూసుకుని పళ్ల మీద వేలు రాయండి, గీరుకుంటే పర్సుకి వద్దు. ఆఖరున చిన్న అయస్కాంతం పెట్టండి. ఇత్తడి పళ్లకు అది అంటుకోదు. అంటుకుంటే ఇత్తడి రంగు పూసిన ఇనుము, వానాకాలానికి తుప్పు ఖాయం.

9. తోలులో కూర్చోబెట్టడం

తిన్నటి జిప్పు కోసం తోలులో కిటికీ కోసేటప్పుడు పళ్ల వెడల్పును కాక రన్నర్ వెడల్పును కొలవండి. దానికి అటో మిల్లీమీటరు, ఇటో మిల్లీమీటరు కలపండి. 5 నంబరుకు ఇది చాలావరకు 12 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది. కిటికీ రెండు చివరలా ముందు గుండ్రటి పంచ్‌తో కన్నం కొట్టి, ఆ రెండు కన్నాలను కలుపుతూ కోయండి. మూల నలుచదరంగా ఉంటే అక్కడి నుంచే తోలు చిరగడం మొదలవుతుంది.

మెటల్ జిప్పు కురచ చేయాలంటే పళ్లను పట్టుకుని లాగొద్దు, టేపు చిరుగుతుంది. నిప్పర్‌తో పన్ను కాళ్లను కత్తిరించి వదులు చేసి తీయండి. కుట్టు దాటే చోట పళ్లు లేకుండా ప్రతి చివరా ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ చేసి, కొత్త స్టాపర్ నొక్కండి.

మూల తిరిగే పర్సులో ఇంకో జాగ్రత్త ఉంది. పళ్లు బయటి వంపులో, టేపు అంచు లోపలి వంపులో పడతాయి కాబట్టి మూల దగ్గర టేపు ఎక్కువై ముడతలు పడుతుంది. కుట్టు గీతకు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఇవతలే ఆగేలా టేపులో చిన్న చిన్న గాట్లు పెట్టి, ఒకదాని మీదొకటి సర్ది అంటించండి. అంటించే ముందు జిప్పును మూసి ఉంచి, రెండు టేపుల మీదా ఎదురెదురుగా పెన్సిల్ గుర్తులు పెట్టుకోండి: మధ్యలో ఒకటి, మూలల దగ్గర ఒక్కొక్కటి. తర్వాత విడదీసి, ఆ గుర్తులను తోలు మీది గుర్తులతో కలుపుతూ ఒక్కో వైపూ అంటించండి. ఇలా చేయకపోతే రెండు పలకలు మెలితిరిగి పర్సు మూసినప్పుడు వంకరగా ఉంటుంది.

అంటించడానికి మూడు మిల్లీమీటర్ల డబుల్ టేపు (రెండు వైపులా అంటుకునేది) గానీ, పలచగా పూసిన సొల్యూషన్ (జిగురు) గానీ చాలు. పళ్లకు నాలుగు మిల్లీమీటర్ల లోపు సొల్యూషన్ రానివ్వొద్దు. తోలు అంచు రంగు, బర్నిషింగ్ (అంచును రుద్ది నునుపు చేయడం) అంతా జిప్పు అంటించక ముందే ముగించండి, తర్వాత అక్కడికి చెయ్యి పోదు. కుట్టు అంచుకు మూడు మిల్లీమీటర్ల లోపలగా వెళ్తే తోలు తెగదు, సూది పళ్లకు తగలదు.

10. ఇచ్చేటప్పుడు

మెటల్ పళ్ల మీద తెల్ల కొవ్వొత్తి ముక్కనో తేనెమైనమో ఒకసారి రుద్ది, రన్నర్‌ను పదిసార్లు అటూ ఇటూ నడిపి, రాలిన పొడి దులిపేయండి. ఇంట్లో అలవాటుగా వేసే కొబ్బరినూనె మాత్రం వద్దని కొన్నవాళ్లకు చెప్పండి. దుమ్ము పట్టి పళ్లలో ముద్ద కడుతుంది, తోలు మీద మరక దిగుతుంది.

జిప్పు కొన్నరోజే అదే కంపెనీ, అదే నంబరు, అదే రంగు రన్నర్ ఇంకొకటి కొని, సంచితో పాటు చిన్న కవరులో పెట్టి ఇవ్వండి. చివర్లో స్టాపర్ తీస్తే కుట్టు విప్పకుండానే రన్నర్ మార్చగలిగేలా, పైస్టాపర్‌ను తోలు మడత కింద దాచకుండా బయటికి ఉంచండి.